నూటనలభై దండయాత్ర

రోహిణీకార్తె మిట్టమధ్యాహ్నం. ప్రచండమార్తాండకిరణశరవర్షానికి తాళలేక రాజమండ్రి వీధికుక్కలు సైతం అరుగుల నీడల్లో శిబిరాలు వేసుకున్న వేళ, మా బాబాయి ముద్దపప్పులో కొత్తావకాయ కలిపి, నేతికాలువలు పారించి, గడ్డపెరుగుతో భోజనకాండకు మంగళం పాడి, నులకమంచమనే హంసతూలికాతల్పాన్ని అధిష్ఠించాడు. ఎడమ రెప్ప వాలింది. కుడి రెప్ప వాలబోతోంది. సరిగ్గా అప్పుడు స్టూలుమీది సెల్‌ఫోను పాంచజన్యమై మోగింది!

మంచినీళ్ల గ్లాసు గజగజలాడింది. గోడమీది కేలండరు రెపరెపలాడింది. తెరమీద శత్రుధ్వజంలా వెలిగింది, నూటనలభైతో మొదలయ్యే నంబరు. ఆ మూడంకెలూ సామాన్యమైనవి కావు. ప్రచార కాల్స్‌కి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రసాదించిన రాజలాంఛనం అది. ధర్మయుద్ధం చేసేవాడు ఆ పతాకం ఎత్తుకునే వస్తాడు. మామూలు పదంకెల నంబరు ముసుగేసుకుని వచ్చేవాడిది ఇంద్రజిత్తు వంశం.

"హలో" అన్నాడు బాబాయి. కోటగుమ్మం గడియ తీసినట్టయింది.

"నమస్తే సార్, ప్రీపెయిడ్ నుంచి పోస్ట్‌పెయిడ్‌కి మారితే..." అంటూ విరుచుకుపడింది వాగ్ఝరి! పాపికొండల నడుమ శ్రావణమాసపు గోదావరి కూడా అంత వడిగా పారదు. ముందు అన్‌లిమిటెడ్ కాల్స్ అశ్వదళం, వెనక డేటా గజబలం, ఇరుపక్కలా ఓటీటీ రథాలు, అన్నిటికీ తోకగా కాలర్‌ట్యూన్ కాల్బలం!

"వద్దమ్మా" అని బాబాయి తొలిబాణం వేశాడు. "ఎందుకు వద్దు సార్?" అనే డాలుకు తగిలి అది రెండు ముక్కలైంది.

"ఉన్న ప్లాను చాలు."

"అందుకే సార్, ఫ్యామిలీ ప్లాను!"

"ఇంట్లో మేమిద్దరమే."

"అయితే మూడో సిమ్ము మీకు మిగులు సార్!"

ఆహా, ఏమా తర్కపాటవం! గౌతమమహర్షి వింటే న్యాయసూత్రాలు తిరగరాసుకునేవాడు.

బాబాయి లేచి కూర్చున్నాడు. పంచె బిగించాడు. మీసం దువ్వాడు. గాండీవం చేయి మార్చిన సవ్యసాచిలా ఫోనును కుడిచెవి నుంచి ఎడమచెవికి మార్చి, సమ్మోహనాస్త్రం సంధించాడు.

"అన్నం తిన్నావా తల్లీ?"

చతురంగబలాలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి! కాగితంమీద రాసిచ్చిన జవాబుల్లో ఆ ప్రశ్నకు జవాబు లేదు. "ఇంకా లేదండీ, టార్గెట్ అవలేదు" అంది చిన్న గొంతు. "ముందు తిను. ప్లాను మాత్రం నాకొద్దు." సంధి కుదిరింది.

మూడింటికి మరో కాల్. ఈసారి రికార్డింగు! మొండెమే గాని తలలేని కబంధుడిలా నోరే గాని చెవుల్లేని రాక్షసి. "కాలర్‌ట్యూన్ కోసం ఒకటి నొక్కండి" అంటుంది గాని అన్నం సంగతి అడిగితే వినదు. పొట్టకూటి కోసం ఫోన్ చేసే పిల్లల్ని నేనేమీ అనను. ఈ యంత్రకబంధుల్నీ, పదంకెల మాయావుల్నీ మాత్రం క్షమించేది లేదు.

వీళ్లకు తగిన బ్రహ్మాస్త్రం 1909. ఆ నంబరుకు ఇంగ్లీషు అక్షరాల్లో 'స్టార్ట్ 0' అని మెసేజ్ పంపితే ప్రచార కాల్స్ వద్దని నమోదవుతుంది. అయినా గోడ దూకి వచ్చినవాడిమీద అక్కడే ఫిర్యాదు చెయ్యొచ్చు. అందుకు మూడు రోజులే ఉన్న గడువును ట్రాయ్ నిబంధనల 2025 ఫిబ్రవరి సవరణ ఏడు రోజులు చేసింది. వచ్చిన నంబరు, తేదీ, వాళ్లు చెప్పిన మాటలు రాసిపెట్టుకోండి. నిద్ర చెడిన కోపం చల్లారకముందే పంపించండి.