ఇచ్చినవాడికి ఏం మిగిలింది?

చిలకలూరిపేట నుంచి పర్చూరు వైపు సాగే నల్లరేగడి పల్లెల్లో ఫిబ్రవరి వచ్చిందంటే బడులు పలచబడతాయి. మిరగ కోతలు, కల్లాల్లో తాలుకాయ ఏరడం, పత్తి చివరి తీతలు... పిల్లలకి చేతినిండా పని. వచ్చిన ఆ కాసిని మందినీ కూర్చోబెట్టాలంటే పాఠానికి కాస్త రుచి ఉండాలి. మా బడి సైన్సు మాస్టారికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే పదో తరగతికి రసాయన బంధాన్ని బుర్రకథగా కట్టారు.

బుర్రకథ ఈ జిల్లాల సొంత ఆస్తి. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్‌ది గుంటూరు దగ్గరి పొన్నెకల్లే. నడుమ తంబురాతో కథకుడు, అటొకరు ఇటొకరు డక్కీలతో వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ఆ ముగ్గుర్నీ మాస్టారు నీటి అణువు చేసేశారు. కథకుడు ఆక్సిజన్, వంతలిద్దరూ హైడ్రోజన్లు. ముగ్గురూ ఒకే వరసలో నిలబడితే ఊరుకునేవారు కాదు. నీటి అణువులో రెండు బంధాల మధ్య కోణం 104.5 డిగ్రీలు కాబట్టి వంతలిద్దర్నీ రెండడుగులు ముందుకు జరిపించేవారు. అది చూసిన పిల్లవాడు నీటి అణువును గీతలా గీయమన్నా గీయడు.

అసలు నవ్వులు సోడియం తన చివరి ఎలక్ట్రాన్‌ను వదిలించుకునే కథలో.

"ఒక్కడంటే ఒక్కడే, నా చివరింటి వాడూ
ఉంచుకుంటే గొడవ, వాణ్ణి ఎవడికిచ్చి పోదూ?"
అని సోడియం గోల పెడితే, క్లోరిన్ అందుకునేది:
"ఏడుగురున్నారు నాకు, ఎనిమిదోడు లేడూ
ఇటు తోలెయ్, వాడికిక నా ఇల్లే చల్లని నీడూ!"

అప్పుడు హాస్యగాడు అడ్డం పడేవాడు: "అది సరే గురూ, మరి ఇచ్చినోడికేం మిగిలింది?" కథకుడు తంబురా మీటి, "లోపలింట్లో ఎనిమిది మంది పదిలంగా ఉన్నారయ్యా!" అనేవాడు. తరగతంతా తందాన. ఆ ఒక్క ప్రశ్న కోసమే పాటంతా రాశానని మాస్టారు నాతో చెప్పారు. ఇచ్చినవాడూ నిలబడాలి, పుచ్చుకున్నవాడూ నిలబడాలి, అప్పుడే అది బంధం. 1916లో జర్మనీలో కోసెల్ ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని, అంటే అయానిక బంధాన్ని, చెప్పాడు. అదే ఏడు అమెరికాలో లూయిస్ ఇంకో దారి చూపించాడు: ఇవ్వడాలూ పుచ్చుకోడాలూ లేవు, ఇద్దరూ చెరొకటి వేసి జతను ఉమ్మడిగా వాడుకోవడమే. ఒంటి ఎద్దు రైతులిద్దరు కలిసి ఒక కాడి కట్టినట్టు. సమయోజనీయ బంధానికి మాస్టారి పాట ఆ కాడి మీదే నడిచేది. పిల్లలు మిరగ చేలో సాళ్ల వెంట కాయ కోస్తూ ఆ పాట పాడుకోవడం నేను విన్నాను. నేను చెప్పే తెలుగు పద్యం ఏదీ అలా చేలోకి వెళ్లలేదు. చదువు అంటే అదే అని నా నమ్మకం.

2025 ఫిబ్రవరిలో ఒకరోజు పాటయ్యాక మాస్టారు, "మన ఊళ్లోంచి ఒక్కో బంధానికి ఒక్కో ఉదాహరణ చెప్పండి" అన్నారు. ఒకడు రెండిళ్ల ఉమ్మడి బోరు చెప్పాడు. ఒకడు పెళ్లి అన్నాడు, అంతా నవ్వారు. పాటలో హాస్యగాడి వేషం వేసే అమ్మాయి లేచింది. కోతలకెళ్లి ఆ వారంలో అదే మొదటిసారి బడికి రావడం. గోళ్ల అంచులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"సగపాలు సమయోజనీయం సార్. లాభమొచ్చినా నష్టమొచ్చినా ఇద్దరిదీ. కౌలు అయానికం. ఒకరిస్తారు, ఒకరు తీసుకుంటారు."

"భేష్! అందులో సోడియం ఎవరు?"

"మా నాన్న సార్."

"క్లోరినో?"

"మీరే సార్. మా నాన్న చేసే మూడెకరాలూ మీవేగా."

ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల గొంతులో వెటకారం లేదు. అడిగినదానికి జవాబు చెబుతోంది, అంతే.

"కాకపోతే ఒక్క తేడా సార్. సోడియానికి లోపల ఎనిమిది మిగుల్తాయి. మాకు మిగల్లేదు."

2023లో క్వింటా ఇరవై వేలు దాటిన మిర్చిని చూసి ఊళ్లో ఎకరం కౌలు పెరిగింది. ఆ పెరిగిన కౌలును ఆమె తండ్రి విత్తు వేయకముందే అప్పు తెచ్చి కట్టాడు. పంట యార్డుకు చేరేసరికి ధర కూలిపోయింది. ఆ ఫిబ్రవరిలోనే కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ధర పడింది కదా అని ముందే కట్టిన కౌలు వెనక్కి రాదు.

పంట రుణమైనా, నష్టపరిహారమైనా అందాలంటే కౌలురైతు చేతిలో సాగు హక్కు కార్డు ఉండాలి. 2019 చట్టం ప్రకారం ఆ కార్డు రావాలంటే ఒప్పంద పత్రం మీద భూయజమాని సంతకం పెట్టాలి. ఆ అమ్మాయి తండ్రి ఇచ్చిన పత్రం అప్పటికి ఎనిమిది నెలలుగా స్టాఫ్ రూములో మాస్టారి సొరుగులో, పాటల నోటుబుక్కు కిందే ఉంది.