పదిహేనంకెల కుక్క

పెంపుడు కుక్కలున్న ఇళ్లకు ఈమధ్య నగరాల్లో ధైర్యం అమ్ముతున్నారు. మెడ వెనక చర్మం కింద బియ్యపు గింజంత చిప్ ఎక్కించేస్తే చాలట, కుక్క తప్పిపోయినా బెంగ లేదట. డబ్బు కట్టి ఇంటికొచ్చిన యజమాని ముందుగా చేసే పని, ఫోనులో యాప్ కోసం వెతకడం. మ్యాపు మీద నీలం చుక్క కదులుతుంది, టామీ ఏ సందులో తిరుగుతోందో తెలిసిపోతుంది అని ఆశ.

చుక్కా లేదు, మ్యాపూ లేదు.

ఆ గాజు గొట్టంలో బ్యాటరీ ఉండదు, జీపీఎస్ అసలే ఉండదు. ఉన్నదల్లా సన్నటి తీగచుట్ట, పదిహేనంకెల నంబరు. స్కానరును మెడ దగ్గరికి, బెత్తెడు దూరంలోకి తెస్తే, అది పంపే 134.2 కిలోహెర్ట్జ్ తరంగం నుంచి కాస్త కరెంటు అరువు తీసుకుని చిప్ తన నంబరు చెబుతుంది. మిగతా కాలమంతా మౌనవ్రతం. పేరు చెప్పదు, ఊరు చెప్పదు, యజమాని ఫోను నంబరు కూడా చెప్పదు. తప్పిపోయిన కుక్కను వెతకడానికి అది పనికిరాదు. దొరికిన కుక్క ఎవరిదో తేల్చడానికి పనికొస్తుంది, అదీ దొరికినవాడి చేతిలో స్కానరు ఉంటే.

ఈ ధైర్యాన్ని కోనసీమలో దిండి దాకా తీసుకెళ్లి చూద్దాం. మలికిపురం మండలంలో, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉంది ఊరు. పర్యాటక శాఖ రిసార్టు, హౌస్‌బోట్లు, ఎటు చూసినా కొబ్బరితోటలు. హైదరాబాదు నుంచి శని, ఆదివారాలకు దిగిన కుటుంబం ఒకటి తమ లాబ్రడార్‌ను కూడా వెంట తెచ్చుకుందనుకోండి. వాళ్లు గోదారి ముందు సెల్ఫీల్లో మునిగి ఉండగా అది తోటల్లోకి జారుకుంది. చిప్ మెడలో భద్రంగానే ఉంది. కుక్కే లేదు.

దాన్ని మొదట చూసేది కొబ్బరి దింపు తీసే మనిషి. ఆయన మొలకు కత్తి ఉంటుంది గానీ స్కానరు ఉండదు. "ఎవరిదండీ ఇది? మనూరిది కాదండోయ్!" అని కేకేస్తాడు. ఒంటికి షాంపూ వాసన, మనిషి కనబడితే తోకాడించే అమాయకత్వం చూశాక ఆ మాత్రం తేల్చడానికి కంప్యూటరు అక్కర్లేదు. కేక టీ కొట్టు దాకా చేరేసరికి, ఆటో డ్రైవరు దగ్గర మిగతా సమాచారం సిద్ధంగా ఉంటుంది: "రిసార్టోళ్లదండి. పొద్దున్నే కార్లోంచి దిగడం చూశానండి, ఆయ్." కేసు ముగిసింది.

అదే పని చిప్ ద్వారా జరగాలంటే ముందు కుక్కను పశువైద్యశాలకు మోసుకెళ్లాలి. అది ఆదివారం కాకూడదు. అక్కడ స్కానరు ఉండాలి, అది ఆ రకం చిప్‌ను చదవగలగాలి. నంబరు వచ్చాక అది ఏ కంపెనీ జాబితాలో ఉందో, ఏ కార్పొరేషన్ జాబితాలో ఉందో కనిపెట్టాలి. ఈలోగా కుక్క చించినాడ వంతెన దాటిందంటే పశ్చిమ గోదావరి జిల్లా.

జాబితాల తిప్పలు మనకొక్కళ్లకే కాదు. ఇంగ్లండులో కుక్కలకు 2016 ఏప్రిల్ 6 నుంచి, పిల్లులకు 2024 జూన్ 10 నుంచి చిప్ తప్పనిసరి. అక్కడా నంబర్లు దాచే సంస్థలు ఇరవైకి పైనే. ముందు నంబరు ఏ సంస్థదో కనుక్కుని, ఆ తర్వాత యజమానిని కనుక్కోవాలి.

చిప్ వల్ల లాభమే లేదంటే అన్యాయం అవుతుంది. అమెరికాలో 53 జంతు సంరక్షణ కేంద్రాల లెక్కలు తీసి 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అక్కడికి చేరిన వీధి కుక్కలన్నిటిలో ఇల్లు చేరినవి 22 శాతం, చిప్ ఉన్న వాటిలో 52 శాతం. పిల్లుల్లో తేడా ఇంకా ఎక్కువ. కాకపోతే ఆ కేంద్రాల్లో స్కానరు పట్టుకుని మనిషి కూర్చుని ఉంటాడు. అయినా యజమాని దొరకని సందర్భాల్లో పెద్ద కారణం ఏమిటంటే, రాసిన ఫోను నంబరు తప్పు కావడమో పనిచేయకపోవడమో. ఆఫరు చూసి సిమ్ మార్చే మన దేశంలో ఆ శాతం ఎంత ఉంటుందో ఎవరి ఊహకు వాళ్లకు వదిలేద్దాం.

నంబరు కట్టే సరదా ఊళ్లకు కొత్తేమీ కాదు. ఆవులకు, గేదెలకు చెవిన పసుపుపచ్చ ట్యాగు, దాని మీద పన్నెండంకెలు, పేరు పశు ఆధార్. కనీసం అది కంటితో చదువుకోవచ్చు. కానీ బీమా డబ్బు రావాలంటే చచ్చిన గేదె చెవికి ట్యాగు ఉండి తీరాలి కాబట్టి, రైతు ఏడవడానికి ముందు చెవి చూసుకోవాలి. సంక్రాంతికి లక్షల పందెం మోసే కోడికి మాత్రం ఇంతవరకూ ఏ నంబరూ లేదు. డేగో కాకో నెమలో, ఈక చూసి చెప్పేస్తారు.

కుక్కల దగ్గరికొస్తే, 2020లో రాష్ట్ర ప్రభుత్వం గ్రామ పంచాయతీల్లో కుక్కలకు, పందులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. లేకపోతే 500 రూపాయల జరిమానా, ఆపైన రోజుకు 250. మన వాకిట్లో పడుకుని, పక్కింట్లో అన్నం తిని, రాత్రి వీధంతా కాపలా కాసే కుక్కకు లైసెన్సు ఎవరు తీసుకోవాలో చెప్పగల పంచాయతీ కార్యదర్శి ఉంటే ఆయనకు సన్మానం చేయొచ్చు.

చెన్నై కార్పొరేషన్ ఇంకో మెట్టు ఎక్కింది. 2025లో పెంపుడు కుక్కకు లైసెన్సుతో పాటు చిప్ కూడా ఉండాలంది, లైసెన్సు లేకుంటే 5,000 జరిమానా అంది. అదే ఏడాది సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్ ఏకంగా కుక్కలకు శిక్షాస్మృతి రాసేసింది. కవ్వించకుండానే మనిషిని కరిచిన వీధి కుక్కను పది రోజులు లోపల ఉంచి, చిప్ వేసి వదులుతారు. రెండోసారి కరిస్తే యావజ్జీవం. కవ్వింపు జరిగిందో లేదో తేల్చడానికి ముగ్గురు సభ్యుల కమిటీ. కుక్క వాంగ్మూలం ఎవరు తీసుకుంటారన్నదే తేలాలి. సూది ఎన్ని కుక్కలకు వేశారో లెక్క చెప్పడం తేలిక గనక అధికారులకు చిప్ ముద్దొస్తుంది. ఆ నంబర్ల పక్కన ఫోను నంబర్లు ఏటేటా సరిచూడటం ఏ ప్రకటనలోనూ కనబడదు. మెడ బెల్టు మీద మార్కరుతో రాసిన పది అంకెల సెల్ నంబరుకు స్కానరూ అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. బెల్టు ఊడిపోతుందన్న భయం ఉంటే చిప్ కూడా వేయించుకోవచ్చు, ఎవరూ వద్దనరు.

చిప్ నిజంగా చెల్లే చోటు అమెరికా విమానాశ్రయం. 2024 ఆగస్టు 1 నుంచి ఆ దేశంలో దిగే ప్రతి కుక్కకూ చిప్ ఉండాలి, ఆరు నెలలు నిండాలి. రేబిస్ బెడద ఎక్కువున్న దేశాల జాబితాలో మనమూ ఉన్నాం గనక మన కుక్కలకు టీకా పత్రాలు అదనం, దిగేదీ ఎంపిక చేసిన కొన్ని విమానాశ్రయాల్లోనే. ముందు చిప్, ఆ తర్వాతే టీకా. వరస తప్పితే టీకా లెక్కలోకి రాదు, మళ్లీ వేయించుకోవాల్సిందే. అక్కడ స్కానరు పట్టుకున్న మనిషి తప్పకుండా ఎదురుచూస్తుంటాడు. అందుకే డాలస్‌లో ఉద్యోగం వచ్చిన కోనసీమ కుర్రాడు ఈ వరసంతా కంఠతా పట్టి, కుక్క కాగితాలన్నీ ఫైలులో పెట్టేసుకుంటాడు. అత్తగారి విజిటర్ వీసా ఇంటర్వ్యూకు మాత్రం ఇంకా తేదీ దొరకలేదట.