తాతముత్తాతలున్న కుక్క

తమిళనాడులో నరికుడి వైపు మన తెలుగువాళ్ళలో ఒక రకం పెద్దమనిషి ఊరికొకడైనా ఉంటాడు. మనిషి కనబడితే ‘ఎవరి అబ్బాయివి?’ అంటాడు. కుక్క కనబడితే ‘దేని పిల్ల?’ అంటాడు. రెండోదానికి జవాబు దొరికేదాకా కదలడు. నేను చెప్పబోయే ఆయనను మేం నాయుడుమామ అంటాం. కరిసల్ (నల్లరేగడి) నేలలో పత్తీ మిరపా వేసేవాడు; ఇప్పుడు పొలం కౌలుకిచ్చి, టీకొట్టు బెంచీ మీద కుక్కల వంశావళి చదువుతుంటాడు.

చదువు తక్కువదేం కాదు. రాజపాళయం కుక్కంటే ఒళ్ళంతా తెలుపు, ముక్కు గులాబీ రంగు. ముక్కు నల్లగా ఉందా, మామ మాట్లాడకుండా టీ తాగుతాడు. చిప్పిపారైకి పొట్ట లోపలికి పోవాలి, కాళ్ళు పొడవుండాలి, ఒంటిమీద మచ్చ ఉండకూడదు. కొంబై అంటారా, మంచిదే గాని తేని వైపుది, మనకు చుట్టరికం లేదు. 2005లో తపాలాశాఖ నాలుగు కుక్కజాతుల మీద బిళ్ళలు వేసింది. అందులో ఒకటి మన విరుదునగర్ జిల్లా రాజపాళయంది. ఆ బిళ్ళ మామ పర్సులో రేషన్ కార్డు పక్కనే ఉంటుంది. పెళ్ళి ఫోటో ఎక్కడుందో అత్తకు కూడా తెలియదు.

వేట సంగతి అడగొద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద కుందేళ్ళ వేట నేరమయింది. అప్పటినుంచి అవి పొలాల్లో కాక మామ నోట్లో పెరుగుతున్నాయి. ఇప్పుడు ఒక్కోటీ మేకపిల్లంత ఉంది.

ఇలాంటి మనిషిని మదురైలో ఉద్యోగం చేసే కూతురు ఒక కుక్కల శరణాలయానికి తీసుకెళ్ళింది. ‘నాన్నా, ఊరికే సంతకం పెట్టాలి’ అందట. అక్కడ మామ చూసింది కుక్కను కాదు, పరీక్షను. పాతికేళ్ళు కూడా నిండని ఒక పిల్ల కాగితాలు ముందు పెట్టుకుని వరసగా అడిగింది. ఇంటికి ప్రహరీ ఉందా? రోజంతా గొలుసుతో కట్టేస్తారా? మీరు ఊరెళ్తే తిండి ఎవరు పెడతారు? ఆధార్ నకలు తెచ్చారా? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే ఇస్తాం, మీకు సమ్మతమేనా? నెల తర్వాత మా మనిషి వచ్చి చూస్తాడు, అభ్యంతరమా? జన్మంతా కుక్కల నోళ్ళు తెరిచి పళ్ళు లెక్కపెట్టినవాడికి ఇప్పుడు తన పళ్ళు లెక్కపెట్టించుకునే గతి పట్టింది. ఇన్నిటికీ తడుముకోకుండా చెప్పాడు గాని, ఒక ప్రశ్న దగ్గర ఆగాడు. ‘ఇంతకుముందు పెంచిన కుక్కలు ఎలా చనిపోయాయి?’ ఏ కుక్క ఏ కుక్కకు పుట్టిందో మామకు కంఠస్థం. ఏది ఎలా పోయిందో గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇచ్చిన కుక్క చిన్నది, నల్లది. కళ్ళమీద రెండు గోధుమరంగు చుక్కలు. తోక కాళ్ళ మధ్య నుంచి బయటికి రాదు. ఇంటికి రాగానే బియ్యం డ్రమ్ము వెనక దూరి అక్కడే కాపురం పెట్టింది. పిలిస్తే రాదు. బెదిరిస్తే కదలదు.

పేచీ ఇక్కడ మొదలైంది. టీకొట్టు దగ్గర అందరూ అడుగుతారు కదా, ‘దేని పిల్ల?’ అని. వీధికుక్క అనడానికి మామకు నోరు రాలేదు. మొదటి సిద్ధాంతం: ‘పిలిస్తే పలకడం లేదంటే చెవుడు. చెవుడంటే రాజపాళయం రక్తం.’ తెల్ల రాజపాళయం పిల్లల్లో పుట్టుచెవుడు ఎక్కువన్న మాట నిజమే. కాని ఇది నలుపు. పైగా అత్త వంటింట్లో కరువాడు (ఎండుచేప) డబ్బా మూత తీయగానే డ్రమ్ము వెనకనుంచి రెండు చెవులు లేచాయి. సిద్ధాంతం ఆ పూటే పోయింది.

రెండోది గట్టిది. కోవిల్పట్టి చుట్టుపక్కల కన్ని అనే జాతి ఉంది. నలుపు మీద గోధుమ మచ్చలు, స్వభావం సిగ్గు. పెళ్ళికూతురితో అత్తవారింటికి పంపే కుక్క గనక ఆ పేరొచ్చిందని పాత ముచ్చట. ‘ఇది బెదురు కాదురా, మర్యాద!’ అన్నాడు మామ. మరి కన్నికి ఉండే పొడవు దీనికి లేదేం? ‘కరువు కాలపు రక్తం.’ ఇంకో వారానికి వంశం వలసల దాకా వెళ్ళింది. మనవాళ్ళు దక్షిణానికి పారిపోయి వస్తుంటే అడ్డంగా నది, ఒక చెట్టు వంగి దారిచ్చిందని ఇక్కడి ఇళ్ళల్లో చెప్పుకునే కథ. ఇడైసెవల్‌లో పుట్టిన తెలుగింటి బిడ్డ కి. రాజనారాయణన్ దాన్నే తమిళంలో ‘గోపల్ల గ్రామం’ నవలకు ఎక్కించారు. మామ కథలో ఆ చెట్టుమీద ముందు దాటింది ఒక నల్లకుక్క. కి.రా. మరిచిపోయారట.

ఇంతకీ డ్రమ్ము వెనకది బయటికి రాలేదు. శరణాలయం పిల్ల ముందే చెప్పింది: కళ్ళలోకి చూడకండి, ఎత్తుకోకండి, తిండి పెట్టి పక్కకు తప్పుకోండి, మూడు రోజులు బెదురు, మూడు వారాలకు అలవాటు, మూడు నెలలకు ఇల్లు తనదనుకుంటుంది. శరణాలయాల వాళ్ళు దేశదేశాల్లో చెప్పే లెక్కే ఇది. మామ వింటాడా? చిన్నపిల్ల మాట! చివరికి తిరుచ్చుళి గుడికి వెళ్ళినప్పుడు ఎవరో రమణ మహర్షి సంగతి చెప్పారు. 1879లో ఆయన పుట్టింది ఆ ఊళ్ళోనే, మాకు పొరుగు. అరుణాచలం మీద విరూపాక్ష గుహలో ఉన్న రోజుల్లో చిన్న కరుప్పన్ అనే నల్లకుక్క ఎవరి దగ్గరికీ రాకుండా పొదల చాటునుంచి తొంగిచూసేదట. స్వామివాళ్ళు దాన్ని పట్టుకోబోలేదు. అన్నం దూరంగా పెట్టి వెళ్ళిపోయేవారు. ఒకనాడు అదే ఎగిరి వచ్చి ఆయన మీద పడింది.

ఆ పిల్ల చెప్పిందీ ఇదే. కాని చెప్పినవాళ్ళ తాలూకా మారింది. మామ ఆ రాత్రినుంచి గిన్నె పెట్టి, గోడవైపు తిరిగి కూర్చునేవాడు. కుక్కకు కరుప్పన్ అని పేరు పెట్టాడు. ఊరి పొలిమేర కాచే దేవుడి పేరు అది. ఈ కరుప్పన్ బల్లిని చూసి అత్త చీరచాటుకు పోతుంది.

దాని రాకకు మంచి ముహూర్తమే కుదిరింది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కల్ని పట్టి షెల్టర్లకు తరలించమంది. మామ టీకొట్టులో బల్ల గుద్ది ‘శభాష్’ అన్నాడు. 22న ఆ ఆదేశాన్ని సవరించి, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక ఎక్కడివక్కడే వదలమంది. మామ మళ్ళీ ‘శభాష్’ అన్నాడు. కరుప్పన్ వచ్చింది ఆ రెండు తేదీల మధ్య. మాట మార్చారేమని ఎవరో అడిగితే, ‘నేను మార్చలేదు, కోర్టు మార్చింది’ అన్నాడు.

ఆ వైపు వెళ్ళేవారికి ఒక మనవి. బెంచీ మీద పంచెకట్టు పెద్దాయన, ఆయన కాళ్ళసందున నల్లకుక్క కనబడితే నమస్కారం పెట్టి ముందుకు పోండి. ‘ఇది ఏ జాతి?’ అని మాత్రం అడగకండి, అరుప్పుకోట్టై బస్సు తప్పిపోతుంది. అడక్క ఉండలేకపోతే ఇంటికెళ్ళి అత్తను అడగండి. ఒక్క ముక్కలో చెబుతుంది: ‘మదురై వీధిది.’