నేనొక ఖాతా కాగితాన్ని

నేను 1998లో బెంగుళూరులో, ఒక వార్డు ఆఫీసులో పుట్టాను. నా తల్లి ఒక లావుపాటి రిజిస్టరు. అట్ట ఊడి, అంచులు నలిగి, ఇనుప బీరువా మీద పడుకుని ఉండేది. ఆమె ఒంటి మీద ఒక్కో వరస ఒక్కో ఇల్లు. అందులో ఒక వరసను గుమాస్తా చూసి రాస్తే నేనయ్యాను. కింద సంతకం, సంతకం మీదికెక్కి ఊదారంగు ముద్ర.

నాకో కవల చెల్లెలు. నేను ఖాతా సర్టిఫికెట్‌ని. ఫలానా నంబరు ఆస్తి ఫలానావారి పేర ఉందని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాను. అది ఖాతా ఎక్స్‌ట్రాక్టు, వాగుడుకాయ. సైటు ముప్పై నలభై అనీ, అందులో కట్టుబడి ఎంత అనీ అన్నీ ఏకరువు పెట్టేది. ఒకసారి జిరాక్స్ షాపులో మిషను అద్దం మీదే ఉండిపోయింది. మళ్లీ ఇంటికి రాలేదు.

ఆ ఇంటి యజమానురాలు, మా అమ్మగారిది హిందూపురం దగ్గర పల్లె. ఖాతా అంటే ఆమెకు తెలిసినవి రెండే: శెట్టి కొట్లో అప్పు రాసే పుస్తకం, పట్టాదారు పాసుపుస్తకంలో వాళ్ల నాయన నంబరు. మూడో అర్థం నాతో తెలిసింది. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు దాయాదులే కదా, కూడబలుక్కుంటూ నన్ను చదివేది. తన పేరు దగ్గరికి రాగానే వేలు ఆపేది. అక్కడ నా కాగితం కాస్త నునుపు దేలింది.

ఇల్లంటే నేనేనని ఆమె నమ్మకం. నాదీ అదే నమ్మకం. పై అంతస్తుకు లోను కోసం వెళ్లినప్పుడు బ్యాంకు లాయరు నన్ను పక్కకు నెట్టాడు. "ఇది పన్ను ఎవరు కట్టాలో చెప్పే కాగితమమ్మా. హక్కు సంగతి చెప్పేది సేల్ డీడు." ఆ రోజు ట్రంకుపెట్టెలో సేల్ డీడు పక్కన పడుకోవడానికి సిగ్గేసింది.

అయినా నా టెక్కు నాకుంది. నాది 'ఏ' ఖాతా. పక్కింటివాళ్లది 'బీ'. అనుమతులు సరిగా లేని ఆస్తుల నుంచి పన్ను రాబట్టడానికి వేరే పెట్టిన రిజిస్టరు అది. పన్ను రసీదు వాళ్లకూ వస్తుంది, బ్యాంకువాళ్ల దగ్గర మాత్రం ఆ మర్యాద దొరకదు.

2024 అక్టోబరులో నా రోజులు మారాయి. అమ్మగారు ఇంటిని కూతురి పేర గిఫ్ట్ డీడు రాయాలనుకుంది. దస్తావేజులు రాసే ఆయన నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు ఈ-ఖాతా లేనిదే రిజిస్ట్రేషన్ కాదమ్మా."

ఆ రాత్రి పెట్టెలోవన్నీ మంచమెక్కాయి. కూతురు లాపుటాపు తెరిచింది. నగరంలోని రిజిస్టర్లన్నీ స్కాను చేసి ముసాయిదా ఈ-ఖాతాలుగా నెట్‌లో పెట్టారట. వార్డు ఎంచి, పేరు కొడితే అదే పేరున్న అమ్మలు వరసగా దిగారు. నా మీది ఆస్తి నంబరు చూసి మా అమ్మగారిని పట్టుకున్నారు. ఆ తెర మీద నా తల్లి చేతిరాత అచ్చక్షరాలై కనిపించింది.

ఆ తర్వాత ఒక్కొక్కరికీ పిలుపొచ్చింది. సేల్ డీడు నంబరు, ఆ ఇంటి మీద తాకట్లూ అమ్మకాలూ చెప్పే ఈసీ, పన్ను రసీదు, చివరికి గోడకున్న కరెంటు మీటరు తాలూకు పదంకెల అకౌంటు నంబరు కూడా. ఇంటి ఫొటో కావాలంటే కూతురు తెల్లారే ఫోను పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లింది. "ఒక్క నిమిషం ఉండు" అని అమ్మగారు బకెట్టు లోపలపెట్టి, గుమ్మం ముందు నాలుగు గీతల ముగ్గేసింది.

అంతా అయ్యాక ఆధార్ ఓటీపీ కొట్టారు. అక్కడ బండి ఆగింది. పేరు కలవలేదు.

నా మీద ఆమె పేరుకు ముందు ఒక అక్షరం, ఒక చుక్క. ఆధార్‌లో ఆ అక్షరం విచ్చుకుని నిండు ఇంటిపేరై, పేరు వెనక్కి వెళ్లి కూర్చుంది. అదొక్కటే అయితే సరే, పేరు చివర 'మ్మ' లేదు. కూతురి కాలేజీ కాగితాల్లో తల్లి పేరు అలా పొట్టిగా పడింది. ఆధార్ తీసుకున్ననాడు అదే చెప్పారు.

"ఇద్దరూ నేనే కదే" అంది అమ్మగారు.

"అది నాకు తెలుసమ్మా, దానికి తెలియదు."

పేరు తేడా ఉంటే అధికారి చూసి తేల్చాలి. అమ్మగారు నన్నూ సేల్ డీడునూ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. బల్ల మీద నన్ను పరిచారు. ఇరవై ఆరేళ్ల తర్వాత మళ్లీ ఆఫీసు గాలి. నా ముద్రలో ఉన్నది బెంగళూరు మహానగర పాలికె. 2007లో ఏడు నగరసభలనూ, ఒక పురసభనూ, 110 పల్లెలనూ కలుపుకుని అది బీబీఎంపీ అయింది. 2025 సెప్టెంబరులో అదీ పోయి, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లయింది. ఊరు అన్ని పేర్లు మార్చుకోవచ్చు. అమ్మగారు మాత్రం రెండక్షరాలకు సంజాయిషీ చెప్పుకుంది.

మొత్తానికి ఈ-ఖాతా వచ్చింది. క్యూఆర్ కోడు, ఇంటి ఫొటో, ఫొటోలో ముగ్గు. పేరు ఆధార్‌లో ఉన్నట్టే. గిఫ్ట్ డీడూ అయిపోయింది.

పెట్టె సర్దుతూ కూతురు నన్ను పైకి తీసింది. "ఇంక ఇది ఎందుకమ్మా?"

అమ్మగారు నన్ను అందుకుని, అలవాటైన చోట వేలు ఆపింది.

"ఉండనీ పాపా. మా నాయన పెట్టిన పేరు దీంట్లోనే నిండుగా ఉంది."