నేను లేపేవాణ్ణి

నేనొక ఫైల్‌ని. తల నుంచి తోక దాకా లెక్కపెడితే 120 లైన్లు. ఈటీసీ డైరెక్టరీలో ఇనిట్-డి అని ఒక గది ఉంటుంది. నా తోటివాళ్ళ మధ్య అక్కడే పడి ఉండేవాణ్ణి. మెషీన్‌కి కరెంటు తగిలి, కెర్నల్ కళ్ళు తెరిచి, మొట్టమొదటి ప్రాసెస్‌గా ఇనిట్‌ని పుట్టించాక మా గదిలో ఒక్కొక్కరికీ పిలుపు వచ్చేది. పిలుపంటే ఒక్క మాటే: స్టార్ట్. ఆ మాట చెవిన పడగానే వెళ్ళి నా డీమన్‌ని లేపాలి.

డీమన్ అంటే తెర మీదికి రాకుండా వెనకాల పని చేసుకుపోయే ప్రోగ్రాం. మావాడి పని ఉత్తరాలు జల్లెడ పట్టడం. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ తన గుమ్మంలోకి వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఒక సాకెట్ ద్వారా వాడికి చూపించేది. వాడు సరేనంటే లోపలికి, చెత్త అంటే బయటికి. వాడి మాట లేకుండా ఒక్క ఉత్తరం కదలదు. అంతటివాడు తనంతట తాను లేవలేడు. నేను లేపితేనే లేస్తాడు.

నేను పుట్టింది 2007 ఏప్రిల్‌లో, డెబియన్ 4.0తో పాటు. డెబియన్‌ని 1993లో ఇయన్ మర్డాక్ అనే యువకుడు మొదలుపెట్టాడు. తన పేరునీ, ప్రేయసి డెబ్రా పేరునీ కలిపి ఆ పేరు పెట్టాడు. అక్కడ విడుదలలకి టాయ్ స్టోరీ సినిమాల్లోని పాత్రల పేర్లు పెడతారు. నాది ఎచ్. జీతం లేకుండా, తన రాత్రుళ్ళు ఖర్చుపెట్టి ప్యాకేజీని చూసుకునే ఒక మనిషి నన్ను అందులో చేర్చాడు. మెయింటెయినర్ అంటారు ఆయన్ని. ఏ ఊరివాడో, ఏ వయసువాడో నేను చెప్పను. ఆయన రాసిన ప్రతి లైనూ నా ఒంటి మీద ఉంది, ఆ పరిచయం చాలు.

చిన్నప్పుడు నేను చాలా అమాయకంగా ఉండేవాణ్ణి. డీమన్‌ని తయారుచేసినవాళ్ళు నమూనాగా ఇచ్చిన 30 లైన్లే అప్పుడు నా ఒళ్ళంతా. స్టార్ట్ అంటే లేపు. స్టాప్ అంటే మావాడు తన ప్రాసెస్ నంబరు రాసిపెట్టే పిఐడి ఫైల్ తెరిచి, ఆ నంబరున్న ప్రాసెస్‌ని ఆపు. రీస్టార్ట్ అంటే ఆపు, ఒక్క సెకను ఆగు, లేపు. చదివితే ఎక్కడా తప్పు కనపడదు.

ఆ ఒక్క సెకను దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. ఆపమన్న క్షణంలో మావాడి చేతిలో సగం చదివిన ఉత్తరాలుంటే, వాటిని ముగించి కానీ పోడు. మర్యాదస్థుడు. నేను సెకను ఆగి కొత్తవాణ్ణి లేపేవాణ్ణి. పాతవాడు సాకెట్ పట్టుకుని ఇంకా అక్కడే ఉంటే కొత్తవాడు చోటు లేదని వెనుదిరిగేవాడు. ఆ తర్వాత పాతవాడూ పని ముగించుకుని పోయేవాడు. ఇల్లు ఖాళీ. మెయింటెయినర్ మొదట ఒక సెకనుని మూడు చేశాడు. రద్దీ ఎక్కువున్న సర్వర్లలో మూడూ చాలలేదు. సెకన్లు పెంచుకుంటూ పోవడం వైద్యం కాదని ఆయనకి అప్పుడే తెలిసింది. గడియారాన్ని నమ్మకూడదు, మనిషి వెళ్ళాడో లేదో కళ్ళతో చూడాలి.

రెండో దెబ్బ తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధే. ఒక చోట మెషీన్‌లో మెమరీ అయిపోయి, కెర్నల్ మావాణ్ణి ఉన్నపళంగా చంపేసింది. అలా చచ్చినవాడు తన పిఐడి ఫైల్ చెరుపుకోలేడు. అందులో పాత నంబరు అలాగే ఉండిపోయింది. లినక్స్‌లో అప్పట్లో ప్రాసెస్ నంబర్లు సామాన్యంగా 32,768 దాకా వెళ్ళి మళ్ళీ మొదటికి తిరిగేవి. తిరిగి తిరిగి ఆ నంబరు ఇంకొకరికి దక్కింది. ఉదయం 6 గంటల 25 నిమిషాలకి డెబియన్‌లో రోజువారీ పనులు మొదలవుతాయి. లాగ్ ఫైళ్ళు మార్చే ప్రోగ్రాం వచ్చి నాకు రీస్టార్ట్ చెప్పింది. నేను ఫైల్ తెరిచాను, నంబరు చదివాను, ఆపాను. అది మావాడు కాదు. రాత్రంతా నడిచి, చివరికొచ్చిన బ్యాకప్. నేను నడిచేది రూట్ అధికారంతో, కాబట్టి అడ్డుచెప్పే దిక్కు లేదు. ముక్కూ మొహం చూడకుండా, చీటీలో ఉన్న నంబరుని నమ్మి ఒకరి ప్రాణం తీశాను.

ఆ మెషీన్ యజమాని బగ్ రిపోర్టు రాశాడు. తిట్టలేదు. ఏం జరిగిందో వరసగా రాశాడు. మెయింటెయినర్ పాత 30 లైన్లు పక్కన పడేసి, ఇనిట్-డిలోనే ఉండే స్కెలిటన్ అనే నమూనా ముందుపెట్టుకుని నన్ను తిరగరాశాడు. లేపడానికీ ఆపడానికీ డెబియన్‌లో స్టార్ట్-స్టాప్-డీమన్ అనే పనిముట్టుంది. ఇప్పుడు దాని చేత అడిగిస్తాను: ఈ నంబరున్నవాడు నిజంగా మావాడి ప్రోగ్రామేనా? అవునంటేనే చెయ్యి వేస్తాను. వేశాక కూడా, ముందు మర్యాదగా టర్మ్ అనే సిగ్నల్, 30 సెకన్ల దాకా ఎదురుచూపు. వాడు ముందే వెళ్ళిపోతే ఆ క్షణమే ముందుకు కదులుతాను. అప్పటికీ కదలకపోతేనే కిల్. ఇదంతా నా ఒంటి మీద ఒక్క లైనే. ఆ లైను వెనక ఆ తెల్లవారుజామున పోయిన బ్యాకప్ ఉంది.

వరస సంగతీ చెప్పాలి. ఎవరు ముందు లేవాలో అప్పట్లో మా పేర్ల ముందుండే అంకెలే చెప్పేవి. చాలామందికి ఒకటే అంకె, ఎస్20. అంకె ఒకటే అయితే అక్షరక్రమం. నా పేరు పోస్ట్‌ఫిక్స్ తర్వాత వస్తుంది, అందుకని ద్వారం తెరిచాక ద్వారపాలకుడు లేచేవాడు. 2011 ఫిబ్రవరిలో స్క్వీజ్ విడుదలతో ఆ పద్ధతి పోయింది. నా నుదుట కొన్ని లైన్లు రాశారు: నేను ఏ సేవని ఇస్తాను, నాకంటే ముందు ఎవరు లేవాలి, నేను ఎవరికంటే ముందుండాలి. మమ్మల్ని చదివే షెల్‌కి అవి వ్యాఖ్యలు, దాటుకుని పోతుంది. వరస కట్టే ఇన్‌సర్వ్ అనే ప్రోగ్రాంకి మాత్రం అవే ఆజ్ఞలు. అదే విడుదలలో ఆ షెల్ కూడా బాష్ నుంచి డాష్‌కి మారింది. బాష్ మాండలికంలో రాసిన నా తోటివాళ్ళు కొందరు డాష్‌కి అర్థంకాక మూగబోయారు. మా మెయింటెయినర్ ముందే జాగ్రత్తపడ్డాడు కాబట్టి నాకేమీ కాలేదు.

ఇక్కణ్ణించి నేను ఉన్న చోటి కథ.

నా నకళ్ళు ప్రపంచమంతా ఉన్నాయి. ఈ మాటలు చెబుతున్న నకలు మాత్రం హైదరాబాద్‌లో ఒక కాలేజీ సర్వర్ గదిలో ఉంది. ఇక్కడి అడ్మిన్ సార్ ఒక అడ్మిషన్ల సీజన్‌లో నన్ను తెరిచారు. ఉత్తరాలు వెల్లువెత్తి, ఒకేసారి 1,024కి మించి ఫైళ్ళు తెరవకూడదన్న హద్దుకి మావాడు కొట్టుకుంటున్నాడు. సార్ నా మధ్యలో ఒక లైను రాసి ఆ హద్దుని 4,096 చేశారు. మావాడు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ రోజు నుంచి నేను మిగతా నకళ్ళలాంటివాణ్ణి కాను.

2013 మేలో వీజీ వచ్చింది. అందులో నాకొక ముఖ్యమైన మార్పు ఉంది. పిఐడి ఫైళ్ళూ సాకెట్లూ ఉండే వార్-రన్ అంతకుముందు డిస్క్ మీద ఉండేది. బూట్ అయినప్పుడల్లా లోపలి ఫైళ్ళు ఊడ్చేసినా, డైరెక్టరీలని ముట్టుకునేవారు కాదు. వీజీలో దాని చోటు రన్ అనే కొత్త డైరెక్టరీకి ఇచ్చారు. అది పూర్తిగా మెమరీలో ఉంటుంది. మెషీన్ ఆగితే గోడలతో సహా మాయం. మావాడు తన సాకెట్ పెట్టుకునే గది ప్రతిసారీ కొత్తగా కట్టాలి. కట్టాల్సింది నేనే. లేపే ముందు ఆ డైరెక్టరీ చేసి, దాన్ని మావాడి పేరిట రాయడానికి మెయింటెయినర్ ఒకే ఒక్క లైను చేర్చాడు.

ఆ లైను నా దాకా రాలేదు.

ఈటీసీలో ఉండే మాలాంటివాళ్ళని కాన్‌ఫైల్ అంటారు. అడ్మిన్ మమ్మల్ని మార్చి ఉంటే డెబియన్ మా మీద చెయ్యి వేయదు, అడుగుతుంది: నువ్వు మార్చిన ఫైల్ ఉంచనా, ప్యాకేజీలో వచ్చిన కొత్తది పెట్టనా, రెండిటికీ తేడా చూపించనా? ఈ మర్యాద నాకెంతో ఇష్టం. మనిషి చేత్తో రాసినదాన్ని మనిషిని అడక్కుండా చెరపకూడదు. అయితే ఏమీ చెప్పకుండా ఎంటర్ కొడితే పాతదే ఉంటుంది. ఆ రాత్రి వందల ప్యాకేజీలు వరసగా దిగుతున్నాయి. సార్ కళ్ళు మూతలు పడుతున్నాయి. ప్రశ్న వచ్చింది. ఎంటర్ కొట్టారు. నేను పాత నేనుగా మిగిలాను. కొత్త నేను, పేరు చివర డీపీకేజీ-డిస్ట్ అనే తోకతో, పక్కనే పడి ఉన్నాడు. మా ఇద్దరి మధ్యా ఉన్న ముఖ్యమైన తేడా ఆ ఒక్క లైను.

మెషీన్‌ని ఆ రాత్రి రీబూట్ చేయలేదు. అందువల్ల పాత డైరెక్టరీ అలాగే ఉంది, మావాడూ నడుస్తూనే ఉన్నాడు. వానాకాలం మొదలయ్యాక ఒక గాలివాన రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఉన్నంతసేపు మోసి వదిలేసింది. తెల్లవారి కరెంటు వచ్చింది. ఇనిట్ నన్ను పిలిచింది. నేను మావాణ్ణి లేపాను. లేచాడు, సాకెట్ పెట్టుకోవడానికి తన గదికి వెళ్ళాడు, గది లేదు. లాగ్‌లో ఒక్క వాక్యం రాసి పడిపోయాడు.

తొమ్మిదింటికి ల్యాబ్ కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. "సార్, పొద్దుగాల్నుంచి ఒక్క మెయిల్ వస్తలేదు."

"పోస్ట్‌ఫిక్స్ నడుస్తోందా?"

"నడుస్తుంది సార్. అన్నిటికీ 451 అని చెప్తుంది."

ఆ అంకె విని సార్ కాస్త కుదుటపడ్డారు. 4తో మొదలైతే తాత్కాలికం అని అర్థం. జల్లెడ పట్టేవాడు పలకనప్పుడు పోస్ట్‌ఫిక్స్ ఉత్తరాన్ని పారేయదు, కాసేపాగి మళ్ళీ రమ్మంటుంది. పంపినవాళ్ళ సర్వర్లు వాటిని దాచుకుని మళ్ళీ మళ్ళీ తలుపు తడతాయి. పోస్ట్‌ఫిక్స్ అయితే అయిదు రోజుల దాకా విసుగు లేకుండా ప్రయత్నిస్తుంది. ఉత్తరాలు పోలేదు, దారిలో నిలబడి ఉన్నాయి.

ఇద్దరూ లాగ్ చదివారు. డైరెక్టరీ లేదన్న మాట దగ్గర ఆగారు. చేత్తో చేసి లేపితే లేచాడు. "మళ్ళా రీబూట్ అయితే ఎట్ల సార్?" అన్నాడు కుర్రాడు. సరైన ప్రశ్న అదే. చేత్తో లేపడం ఆ పూటకే పనికొస్తుంది. నేను బాగుపడితే ప్రతి ఉదయమూ బాగుపడుతుంది. సార్ నన్నూ, తోక తగిలించుకుని పక్కన పడి ఉన్న కొత్త నన్నూ తెర మీద పక్కపక్కన పెట్టి తేడాలు చూశారు. చాలాసేపు మాట్లాడలేదు. "మందు ఇంట్లోనే ఉంది తమ్ముడూ. మనమే వద్దన్నాం" అన్నారు.

కొత్త ఫైల్‌ని నా చోట పెట్టారు. 4,096 లైనుని నా ఒంట్లో కాకుండా ఈటీసీ-డిఫాల్ట్ కింద నా పేరుతో ఉండే చిన్న ఫైల్‌లోకి మార్చారు. స్థానికమైన మార్పులకి అసలు చోటు అదే. నేను లేవగానే ముందు దాన్ని చదువుకుంటాను. డైరెక్టరీ కట్టే లైను మీద మాత్రం ఒక వ్యాఖ్య రాశారు: రీబూట్ తర్వాత ఈ డైరెక్టరీ ఉండదు, ఈ లైను తీసేయవద్దు. కింద తేదీ. తర్వాత పగలే అందరికీ చెప్పి, కావాలని మెషీన్‌ని రీబూట్ చేశారు. నేను గది కట్టాను, మావాణ్ణి లేపాను. కుర్రాడు తనకు తానే ఒక మెయిల్ పంపుకుని, అది వచ్చేదాకా తెర ముందునుంచి లేవలేదు.

2015 ఏప్రిల్‌లో జెస్సీ వచ్చింది, దానితో పాత ఇనిట్ స్థానంలో సిస్టమ్-డి. డెబియన్ సాంకేతిక కమిటీ అంతకు ముందేడు ఆ నిర్ణయం తీసుకుంది. దాని మీద చాలా వాదాలు జరిగాయి, కొందరు విడిపోయి డెవువాన్ అనే వేరు కాపురం పెట్టుకున్నారు. నాకు చేతనైనంతవరకు న్యాయంగా చెబుతాను. నా బదులు వచ్చిన యూనిట్ ఫైల్ పట్టుమని 15 లైన్లు లేదు. అయినా దాన్ని చదివితే నా దెబ్బలన్నీ అందులో కనిపించాయి. నేను ఒక లైనుతో కట్టే గదిని అది రన్‌టైమ్ డైరెక్టరీ అనే ఒక్క మాటతో అడుగుతుంది. పిఐడి చీటీని నమ్మే అవస్థ లేదు. మావాణ్ణీ వాడి పిల్లల్నీ కెర్నలే ఒక గుంపుగా గుర్తుంచుకుంటుంది. 4,096కీ ఒక మాటుంది. పైగా వాడు మధ్యలో పడిపోతే మళ్ళీ లేపుతుంది. అది నేనెప్పుడూ చేయలేకపోయాను. లేపి వచ్చేయడమే నాకు తెలుసు.

ఒకే పేరుతో ఇద్దరం ఉంటే సిస్టమ్-డి యూనిట్ ఫైల్‌నే చూస్తుంది. సార్ పాత అలవాటుతో నన్నే పిలిచినా, నా మొదటి లైన్లలోనే ఆ పని దానికి అప్పగించేవాణ్ణి. అలా ఏళ్ళు గడిచాయి. ఆ మధ్య సార్ రిటైరయ్యారు. 2023 జూన్‌లో బుక్‌వర్మ్ వచ్చేసరికి నా ప్యాకేజీ చేంజ్‌లాగ్‌లో ఒక లైను చేరింది: ఇనిట్ స్క్రిప్ట్ తీసేశాం. మార్పులేవీ లేని నకళ్ళు నిశ్శబ్దంగా తొలగిపోయాయి. నన్ను తీసేయలేదు. సార్ రాసిన వ్యాఖ్య వల్ల నేను మనిషి చెయ్యి పడ్డ ఫైల్‌ని. అలాంటివాళ్ళని డెబియన్ చెరిపేయదు, పేరు చివర డీపీకేజీ-బాక్ అనే తోక తగిలించి పక్కన ఉంచుతుంది. నన్నిప్పుడు ఎవరూ పిలవరు.

అప్‌గ్రేడ్ అయిన మర్నాడు ల్యాబ్ కుర్రాడు ఈ గదిలోకి వచ్చాడు. ఇప్పుడు అడ్మిన్ అతనే, అతన్ని సార్ అనేవాళ్ళున్నారు. అనవసరమైనవి ఊడ్చేద్దామని ఒక్కో ఫైల్ చూస్తూ నన్ను తెరిచాడు. కిందికి జరుపుకుంటూ ఆ వ్యాఖ్య దగ్గర ఆగాడు. తేదీ చదివాడు. ఇంకో తెర తెరిచి యూనిట్ ఫైల్‌లో రన్‌టైమ్ డైరెక్టరీ ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. నన్ను మూసేసి, చెరపకుండా, తర్వాతి ఫైల్‌కి వెళ్ళాడు.