రాని పుస్తకం చదివినవాణ్ణి

మీ దగ్గర దాపరికమెందుకు, సినిమా చూసి బావుందనో బాలేదనో చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు. "సెకండాఫ్‌లో రైటింగ్ జారిపోయింది" అనాలి. అన్నాక పక్కవాళ్ళు కాసేపు ఆలోచనలో పడాలి. ఆ కాసేపటి కోసం నేను ఎంత దూరమైనా వెళ్తాను. ఈ జబ్బు మీకూ ఉంది, నాకు తెలుసు. లేదంటే నేను నమ్మను.

నేను యానాం వాణ్ణి. ఉద్యోగం పుదుచ్చేరిలో, కాపురం తట్టాంచావడిలో, ఇండస్ట్రియల్ ఎస్టేట్‌కి కాస్త ఇవతల ఓ అద్దింట్లో. మా ఆఫీసులో ఊరివాళ్ళతో పాటు కారైక్కాల్ వాళ్ళు, మాహే వాళ్ళు, మా యానాం వాళ్ళు అందరూ ఉంటారు. అదే నాకొచ్చిన చిక్కు. రజనీకాంత్ గురించి ఇక్కడివాళ్ళ ముందు మాట్లాడితే నవ్విపోతారు. మోహన్‌లాల్ గురించి మాహే కుర్రాడి ముందు నోరెత్తలేను. బాలకృష్ణ గురించి నేను గంటసేపు చెప్పగలను గానీ వినేది యానాం గుమస్తా ఒక్కడే, వాడు చిరంజీవి మనిషి. నా పాండిత్యం చెల్లాలంటే అందరికీ సమానంగా పరాయిదైన సరుకొకటి కావాలి. దొరికింది: 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'.

2011లో మొదలైన అమెరికా సీరియల్. వెస్టరోస్ అనే లేని దేశం, ఏడు రాజ్యాలు, ఓ ఇనుప సింహాసనం, దాని కోసం కొట్టుకుచచ్చే వంశాలు. నేను చూసింది చాలా ఆలస్యంగా. ఎవరు ఎవరికి బాబాయో తేల్చుకునేలోపు ఆ బాబాయి తల తెగిపడేది. సబ్‌టైటిల్ సగం చదివేసరికి సీను మారిపోయేది. అయినా క్యాంటీన్‌లో మాత్రం "యాక్షన్ ఎవడైనా తీస్తాడు సార్, ఆ రైటింగ్ చూడండి" అనేవాణ్ణి. ఏ రైటింగో ఎవరూ అడగలేదు. మన దేశంలో ఆ మాటకి ఉన్న గౌరవం అలాంటిది.

ఆ గౌరవాన్ని నిలబెట్టుకోవడానికి జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన మూల నవలలు ఐదూ సెట్టుగా కొని, వచ్చినవాళ్ళకి ఎదురుగా కనబడేలా హాల్లో పెట్టాను. మొదటిదాంట్లో బ్రాన్ అనే పిల్లాణ్ణి కోట కిటికీలోంచి తోసేస్తారు. అక్కడిదాకా చదివాను. వాడితో పాటే నేనూ పడ్డాను, మళ్ళీ లేవలేదు.

2019 ఏప్రిల్‌లో ఆఖరి సీజన్ వచ్చింది. అమెరికాలో ఆదివారం రాత్రి వేసేది మనకి సోమవారం పొద్దున్న ఆరున్నరకి హాట్‌స్టార్‌లో. అదే నెల 18న లోక్‌సభతో పాటు మా తట్టాంచావడికి ఉపఎన్నిక కూడా. వీధిలో మైకు పెట్టుకుని ఆటోలు తిరుగుతుంటే నేను తలుపులు బిడాయించుకుని వెస్టరోస్ కుర్చీ గురించి దిగులుపడేవాణ్ణి.

మూడో ఎపిసోడ్ గురించి చెప్పే తీరాలి. 82 నిమిషాల యుద్ధం, అంతా అర్ధరాత్రి. నా టీవీలో నల్లటి తెర, మధ్యమధ్య అరుపులు. టీవీ పోయిందనుకుని ఆ సాయంత్రమే మెకానిక్‌ని పిలిపించాను. అతను వెనక విప్పి, మళ్ళీ బిగించి, పాత ఎమ్జీఆర్ పాట పెట్టి చూపించాడు. ఎమ్జీఆర్ గులాబీ బుగ్గలతో నిగనిగలాడిపోయాడు. టీవీలో లోపం లేదు, డబ్బులిమ్మన్నాడు. తర్వాత తెలిసింది, ప్రపంచమంతా ఏమీ కనబడలేదని మొత్తుకుందనీ, కెమెరామన్ ఫేబియన్ వాగ్నర్ మాత్రం తప్పు మీ టీవీలదేనన్నాడనీ. ఇదంతా తెలియకముందే నేను క్యాంటీన్‌లో "చీకటినే ఒక పాత్రగా రాశారు, అబ్బ!" అనేసి ఉన్నాను.

ఇక ఐదో ఎపిసోడ్. ప్రజల్ని కాపాడతానంటూ వచ్చిన రాణి డెనేరిస్, నగరం లొంగిపోయి గంటలు మోగించాక కూడా డ్రాగన్ మీద ఎగిరి ఊరంతా బూడిద చేసింది. దాంతో లోకం రెండుగా చీలింది. మా క్యాంటీన్ కూడా. కుర్రాళ్ళ వాదన: మొదటి ఆరు సీజన్లూ పదేసి ఎపిసోడ్లు, ఏడోది ఏడు, ఇది ఆరంటే ఆరు. ఒకప్పుడు ఒక మనిషి ఒక ఊరు చేరడానికి సీజన్ పట్టేది, ఇప్పుడు టీ తాగేలోపు ఖండం దాటేస్తున్నాడు. పుస్తకాలు అయిపోయాక సీరియల్ నడిపిన బెనియాఫ్, వైస్‌లకి సొంతంగా రాయడం రాలేదు. సూపరింటెండెంట్ గారి వాదన: ఆవిడ ముందు నుంచీ అంతే. మీరీన్‌లో 163 మంది దొరల్ని శిలువ వేయించలేదా? ఏడో సీజన్‌లో టార్లీ తండ్రీకొడుకుల్ని సజీవంగా తగలబెట్టలేదా? అప్పుడు చప్పట్లు కొట్టిన మీరు ఇప్పుడు ఏడిస్తే ఎలా?

నేనెటు అంటారా? రెండు వైపులా. కుర్రాళ్ళతో టీ తాగేటప్పుడు "నాశనం చేశారు" అనేవాణ్ణి. సంతకం కోసం సూపరింటెండెంట్ గారి గదిలోకి వెళ్ళినప్పుడు "విత్తనం మొదట్లోనే వేశారు సార్" అనేవాణ్ణి. రాయడం చేతనైన రచయితలతో ఈ సీజన్ మళ్ళీ తీయండంటూ అభిమానులు ఇంటర్నెట్‌లో విన్నపం పెడితే పది లక్షల పైచిలుకు సంతకాలు పడ్డాయి. అందులో నాదొకటి. పొద్దున్న సంతకం పెట్టి, మధ్యాహ్నం ఆయన గదిలో ఆ సంతకాలు పెట్టినవాళ్ళ తెలివితక్కువతనాన్ని ఖండించాను.

ఇంతటి మేధావి అక్కడితో ఆగొచ్చు కదా. ఆగకుండా, ఆఖరి ఎపిసోడ్‌కి రెండు పార్టీలనీ మా ఇంటికే పిలిచాను. మే 20, సోమవారం. మెస్ నుంచి పొంగల్, వడ తెప్పించాను. అప్పటికి మా అమ్మ యానాం నుంచి వచ్చి ఉంది. ఆవిడ చూసేది 'కార్తీకదీపం'. వంటలక్క దీప కష్టాలకి ఆవిడ కళ్ళొత్తుకుంటుంటే "డీఎన్‌ఏ టెస్టు చేయిస్తే ఒక్కరోజులో అయిపోయే కథమ్మా" అని రోజూ వెటకారం చేసేవాణ్ణి. ఆవేళ మాత్రం "లోపల కూర్చో అమ్మా, ఇది నీకర్థం కాదు" అన్నాను. అసలు భయం వేరు. ఈ సీరియల్లో ఎప్పుడెవరు బట్టల్లేకుండా నడిచొస్తారో తెలీదు. ఆవిడ వినలేదు. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది. ఎనభై నిమిషాలూ రిమోట్ మీద నుంచి నా బొటనవేలు లేవలేదు.

చివర్లో దొరలందరూ కూర్చుని కొత్త రాజుని ఎన్నుకునే సీను వచ్చింది. ప్రజలందర్నీ అడిగితే పోలేదా అంటాడు సామ్ అనేవాడు. దొరలు పగలబడి నవ్వుతారు. కుర్రాళ్ళూ నవ్వారు. నెల క్రితం పోలింగ్ డ్యూటీ చేసొచ్చిన సూపరింటెండెంట్ గారు నవ్వలేదు. లెక్కింపు ఇంకా 23న. "ఇందులో నవ్వడానికేముందయ్యా" అన్నారు వడ పట్టుకుని.

రాజ్యం ఆ కిటికీలోంచి పడ్డ బ్రాన్‌కి దక్కింది. అయిపోయింది. మొదలైంది. చెత్త రైటింగ్ అన్నాడొకడు, మన సార్ కూడా అదే అన్నారు అన్నాడు ఇంకొకడు, ఏ సార్ అన్నారు సూపరింటెండెంట్ గారు, ఈ సారే అన్నారు వాళ్ళు, ఈయన నాతో గొప్ప రైటింగ్ అన్నాడే అన్నారాయన, విన్నపంలో సంతకం పెట్టానని మాకు ఫోన్‌లో చూపించారండీ అన్నారు వాళ్ళు, అందరూ నా వైపు తిరిగారు, నా చేతిలో సాంబారు గిన్నె, నోట్లో పొంగల్, బుర్రలో ఏమీ లేదు, తప్పించుకోవడానికి కనబడిన ఒకే ఒక్క దారి హాల్లో ఉన్న ఆ ఐదు పుస్తకాలు. "అసలు ముగింపు పుస్తకంలో చదవాలండీ" అనేశాను. అని ఊరుకోలేదే! ఆఖరి అధ్యాయంలో రాణి బూడిదలో నడుస్తూ చిన్నప్పుడు తనుండే ఎర్రతలుపు ఇల్లు తలుచుకుంటుందనీ, అది చదివి నాకు రెండు రాత్రులు నిద్రపట్టలేదనీ చెప్పాను. చదివిన ఆ కాసిని పేజీల్లో ఎర్రతలుపొకటి తగిలింది లెండి.

మాహే కుర్రాడు చాలా మర్యాదస్తుడు. "ఏ పుస్తకంలో సార్?" అన్నాడు.

"చివరిదాంట్లో."

"చివరిది ఐదోది కదా సార్. 2011లో వచ్చింది. అందులో హీరో జాన్‌ని సొంత మనుషులే పొడిచేస్తారు, అతని కథ అక్కడితో ఆగింది. ఆరోది ఇంకా రానే లేదు కదా?"

కుర్రాడి గొంతులో వెటకారం లేదు, నిజంగానే తెలుసుకుందామన్న ఆత్రం. ఆ ఆత్రమే అసలు బాధ. ప్రపంచంలో కోట్లమంది ఎదురుచూస్తున్న పుస్తకాన్ని, రాసినాయన కంటే ముందు తట్టాంచావడిలో నేను పూర్తి చేసేశాను.

ఆ నిశ్శబ్దంలో మా అమ్మ గొంతు సవరించుకుంది. "ఒరేయ్, ఆ జాన్ పిల్లాడి తల్లి ఎవరో, తండ్రి ఎవరో ఇన్నేళ్ళు దాచారన్నావు కదా. రాజ్యం వాడిదేనని తేలిందన్నావు. తీరా వాణ్ణి మళ్ళీ ఆ మంచుగోడ దగ్గరికే తోలేశారేంటి? మరి ఆ పుట్టుక గొడవంతా ఎందుకు పెట్టినట్టు? మా దీప కథలో తండ్రెవరో తేలితే కాపురమైనా నిలబడుద్ది." యానాం గుమస్తా ఒక్క ముక్క వదలకుండా అరవంలో అందరికీ చెప్పాడు, వెధవ. కుర్రాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. సూపరింటెండెంట్ గారు "కరెక్ట్, ఇది ఒప్పుకోవాలి" అన్నారు. రెండు పార్టీలూ కలిసిపోయి ఆవిడ చుట్టూ చేరాయి. నేను గ్లాసులు తీశాను.

సెప్టెంబరులో ఎమ్మీ అవార్డులొచ్చాయి. ఉత్తమ డ్రామా సీరియల్ ఇదే. రచనకిచ్చేది మాత్రం 'సక్సెషన్' రాసిన జెస్సీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి వెళ్ళింది. ఆ జడ్జీలు కూడా నాలాంటివాళ్ళేనని ప్రాణం లేచొచ్చింది. ఆ మాట చెబుదామని క్యాంటీన్‌కి పరిగెత్తితే, "అమ్మగారు ఏమన్నారు సార్?" అని అడిగారు.

బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? 2022లో దీని పూర్వకథ 'హౌస్ ఆఫ్ ది డ్రాగన్' మొదలైంది. ఒకప్పటి నేస్తాలు రెనీరా, అలిసెంట్. చనిపోతూ రాజు గొణిగిన మాటని అలిసెంట్ ఇంకోలా అర్థం చేసుకుంటుంది, దాంతో డ్రాగన్ల యుద్ధం. యానాంకి ఫోన్ చేసి అమ్మకి కథంతా చెప్పాను. "ఆడాళ్ళిద్దరూ కూర్చుని ఒక్కపూట మాట్లాడుకుంటే పోయేదానికి ఇంత రాద్ధాంతమా?" అంది. మర్నాడు దాన్నే "సెంట్రల్ కాన్‌ఫ్లిక్ట్ వీక్‌గా రాశారు" అని క్యాంటీన్‌లో వదిలాను. బ్రహ్మాండంగా పేలింది. దానికి మూలమైన 'ఫైర్ అండ్ బ్లడ్' పుస్తకం ఈసారి నిజంగానే ఉంది, 2018లోనే వచ్చింది. కొన్నాను. పైన ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు, కానీ ముగింపు మాత్రం అద్భుతంగా ఉంటుందండీ.