తీసుకొచ్చినవాళ్లకే

నన్ను మొదట ఊదినవాడికి ముందు పళ్లు రెండూ లేవు. ఏడేళ్లుంటాయేమో. చంకలో రెండేళ్ల తమ్ముడు. వాడు జారిపోతుంటే మోకాలితో పైకి ఎగదోసుకుంటూ, రెండో చేత్తో నన్ను నోట్లో పెట్టుకుని ఊపిరంతా పోశాడు. పళ్ల సందులోంచి సగం గాలి బయటికే పోయింది. నాలోంచి కూత రాలేదు, తడి తుస్సు మాత్రం వచ్చింది. వాడు వదల్లేదు. పెదవులు బిగించి మళ్లీ ఊదాడు. ఈసారి నా కడుపులో గింజ లేచి గిర్రున తిరిగింది. అంబర్‌పేటలో మురుగు నాలా పక్కనున్న ఆ గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా వినబడింది. అది 2006 చలికాలం, ఒక పోలియో ఆదివారం.

నేను పసుపుపచ్చ ప్లాస్టిక్ విజిల్‌ని. ఎర్ర తాడు. బేగంబజార్‌లో డజన్ల లెక్కన ప్యాకెట్లు కట్టి అమ్మే రకం. మా గల్లీలో నాకు మూడు పేర్లు: కొందరికి పీక, కొందరికి సీటీ, బడికి పోయే పిల్లలకు విజిల్. నోటి గాలి నా పైనున్న కిటికీ అంచుకు తగిలి చీలితే కూత పుడుతుంది. లోపలి గింజ ఆ కిటికీకి అడ్డం పడుతూ, తొలగుతూ ఆ కూతను వణికిస్తుంది. ఆ వణుకే దూరాన ఆడుకునే పిల్లల చెవి పట్టి లాగుతుంది. ఆ గింజ సంగతి గుర్తుంచుకోండి, నా బతుకంతా దానివల్లే మలుపు తిరిగింది.

నన్ను కొన్నది ఆ బస్తీ అంగన్‌వాడీ టీచర్. ఎవరూ కొనమనలేదు, సొంత డబ్బుతోనే కొంది. అంతకుముందు విడతలో ఆమె పొద్దున్నుంచి బల్ల దగ్గర కూర్చుని, మంచుబిళ్లలు పేర్చిన నీలం పెట్టె పక్కన పెట్టుకుని, రోడ్డు వంకే చూసిందట. ఐదేళ్లలోపు పిల్లలకు రెండు చుక్కలు, ఎడమచేతి చిటికెన వేలి మీద సిరా గుర్తు, అంతే పని. అయినా మధ్యాహ్నం దాటినా బల్ల ముందు జనం లేరు. అట్లని ఆ గల్లీలో చుక్కలు వద్దన్నవాళ్లెవరు? ఒకటో రెండో ఇళ్లు. మిగతావాళ్లకు అది ఆదివారం. తలస్నానాలు, వారం బట్టలు, పొయ్యి మీద కూర. ‘‘రేపు వాళ్లే ఇంటికొస్తరు కదా’’ అనుకునేవాళ్లు. నిజమే, సోమవారం నుంచి ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద సుద్దముక్కతో పీ అని, మిగిలిపోయిన ఇంటి మీద ఎక్స్ అని రాసేవాళ్లు. కానీ సోమవారం తల్లులు పనికి పోతారు, తలుపులకు తాళాలుంటాయి. గోడల మీద ఎక్స్‌లు మిగిలిపోతాయి.

చుక్కలు వేసుకున్న పిల్లలకు తలా ఒక విజిల్ ఇద్దామని టీచర్ ఆలోచన. పొద్దున్నే బల్ల మీద మమ్మల్ని కుప్పపోసింది. చుక్కలు వేయడానికొచ్చిన నర్సమ్మ, ఏఎన్ఎం, ఒకదాన్ని చేతిలోకి తీసుకుని ఆడించి చూసింది. గింజ గలగలమంది.

‘‘ఇది పసిపిల్లలకిస్తే ఎట్ల టీచర్? నోట్ల పెట్టి కొరుకుతరు. ప్లాస్టిక్ పగిలి గింజ గొంతుల పడ్తది.’’

టీచర్ ముఖం వాడిపోయింది. ప్యాకెట్లు మళ్లీ సంచిలో పెట్టేసింది. కాసేపటికి ఆ పళ్లూడినవాడు తమ్ముణ్ని ఎత్తుకుని వచ్చాడు. వాళ్లమ్మ పంపలేదు. బల్ల దగ్గరి డేరా చూసి వాడే ఎత్తుకొచ్చాడు. తమ్ముడి నోట్లో చుక్కలు పడ్డాయి, వేలికి గుర్తు పడింది, వాడు ఏడుపు లంకించుకున్నాడు. అన్న అక్కడే నిలబడ్డాడు, ఇంకేదో మిగిలినట్టు. టీచర్ వాడి వంక చూసింది. సంచిలో చెయ్యి పెట్టి నన్ను తీసింది.

‘‘పోలియో మందు తాగినోళ్లకు కాదు రా. తీస్కొచ్చినోళ్లకు.’’

నేను విన్న మాటలన్నిటిలో తెలివైన మాట అది. ఐదేళ్లలోపు పిల్లాడు తనంతట తాను బల్ల దగ్గరికి రాడు. తల్లి చేతులు ఖాళీగా లేవు. ఆదివారం పూట బస్తీలో ఖాళీగా ఉన్న కాళ్లు ఎవరివయ్యా అంటే ఆరేడేళ్ల నుంచి పదేళ్ల పిల్లలవి. తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ చంకనేసుకుని తిరగడం వాళ్లకు రోజూ ఉన్న పనే. ఆ పనికి ఎవరూ ఎన్నడూ శభాష్ అనలేదు. బహుమతి మింగే నోటికి కాక నడిచే కాళ్లకు అందిన రోజు గల్లీ కదిలింది. పైగా నేను మిఠాయిని కాను, తినేస్తే అయిపోవడానికి. ఇచ్చిన మరుక్షణం నుంచి నేను చప్పుడు చేస్తాను. నాకు కూత వేసినవాడు తెలియకుండానే ఇంకో నలుగురిని పిలుస్తాడు. ‘‘ఏడిచ్చిండ్రు?’’ అని ఒకడు, ‘‘మా చెల్లెను తెస్త, నాకు కూడ ఇస్తరా?’’ అని ఇంకొకరు. మధ్యాహ్నానికి ఆ గల్లీలో కూత వినబడని ఇల్లు లేదు. మా పళ్లూడినవాడు పక్కింటి పాపను, ఎదురింటి కవలలను కూడా మోసుకొచ్చాడు. ఒక పిల్లైతే తన చెల్లెల్ని మూడోసారి తెచ్చి, కిరసనాయిలుతో వేలి గుర్తు రుద్ది రుద్ది, ‘‘ఏస్కోలేదు టీచర్’’ అంది. గుర్తు పోలేదు, వేలు మాత్రం ఎర్రబడింది. చుక్కలు ఎక్కువసార్లు పడితే ప్రమాదమేమీ లేదుగానీ, టీచర్ ఆ చిన్న వేలు పట్టుకుని ఊదుతూ, ‘‘ఒక్కటిస్తే చాలదా బిడ్డా?’’ అని బతిమాలింది.

ఉత్తరప్రదేశ్‌లోనూ ఇదే పిల్లల సైన్యం ఉందని తర్వాత సూపర్‌వైజర్ చెప్పగా విన్నాను. అక్కడ వాళ్లను బులావా టోలీ అనేవారు, పిలుపు దండు అన్నమాట. బూత్ రోజున బడిపిల్లలు గుంపులుగా వీధుల్లో తిరిగి ఇళ్ల ముందు కేకలేసి పసివాళ్లను రప్పించేవారు. దేశమంతటా ఒక్కో విడతలో సుమారు 17 కోట్ల మంది పిల్లలకు చుక్కలు వేసేవారంటే, ఆ చుక్కల వెనక ఎన్ని చిన్న కాళ్లు నడిచాయో నేను ఊహించగలను.

నాకంటే ముందు ఈ పని చేసిన పెద్దలున్నారు. 1960ల్లో అమెరికాలో ఇదే పోలియో మందును చక్కెర బిళ్ల మీద వేసి ఇచ్చేవారు. సోవియట్ దేశంలో మందునే మిఠాయి గోలీగా చేశారు. వాళ్లు మందులో తీపి కలిపారు. మా టీచర్ మందుకు ఆట కలిపింది.

తర్వాతి విడతకు ఆమె దగ్గర డబ్బుల్లేవు. ఇది చెప్పడానికి నాకు కష్టంగా ఉంది, కానీ చెప్పాలి. పిల్లలు పోయినసారి కంటే ఉత్సాహంగా వచ్చారు, చంకల్లో పసివాళ్లతో. ‘‘సీటీ?’’ అని అడిగారు. లేవంది. చాలామంది మొహాలు చిన్నబుచ్చుకుని చుక్కలు వేయించుకుని పోయారు. ఇద్దరు మాత్రం వెనక్కి తిరిగారు, చుక్కలు వేయించకుండానే. ఒకటే విజిల్ ఒక ఆదివారం ఆటగా ఉండి, రెండో ఆదివారానికి కూలీ అయి కూర్చుంది. కూలీ ఎగ్గొడితే ఎవరికైనా కోపం వస్తుంది, ఆరేళ్లవాడికీ వస్తుంది. టీచర్ ఆ ఇద్దరి వెంట నడిచి ఇళ్లకు పోయి చుక్కలు వేసి వచ్చింది. వచ్చి కుర్చీలో కూలబడి, ‘‘నేనే అలవాటు చేసిన’’ అంది. ఆమె తప్పేం లేదని నేనంటాను. తాళం పడిన తలుపుల కంటే అలిగిన పిల్లలు నయం.

నేను అప్పటికి ఆ పళ్లూడినవాడి మెడలో ఉన్నాను. వాడికి ఒక పన్ను కొత్తగా మొలుస్తోంది. నాతోపాటు పంచిన విజిళ్లు చాలావరకు పగిలాయి, నాలాలో పడ్డాయి, చెల్లెళ్ల చేతుల్లో పోయాయి. వాడు తాడు తీసి నన్ను బల్ల మీద పెట్టాడు.

‘‘ఇది పెట్టుకో టీచర్. తెచ్చినోళ్లంత ఒక్కొక్కసారి ఊదుతరు.’’

అట్లా నేను టీచర్ సంచిలోకి తిరిగొచ్చాను. కొత్త పద్ధతి పుట్టింది. పసివాణ్ని తెచ్చినవాళ్లు డేరా ముందు నిలబడి గల్లీకి వినబడేట్టు మూడు కూతలు వేయాలి. ఇంటికి తీసుకుపోయేదేం లేదు. ఏఎన్ఎం పట్టుబట్టి పక్కనున్న చాయ్ బండి నుంచి వేడినీళ్లు తెప్పించి, ప్రతి వంతుకూ నన్ను సబ్బుతో కడిగించింది. ఆ నీళ్లకు నా రంగు కొంచెం వెలిసింది. అయితేనేం, ఇంటికిచ్చే విజిల్ ప్యాకెట్‌తో పాటే అయిపోతుంది, వంతు అయిపోదు. పైగా మూడు కూతలు వినగానే లోపల వంట చేసుకునే తల్లి తల బయటపెట్టి, ‘‘ఎవరొచ్చిండ్రు?’’ అని అడిగేది. తమ్ముణ్ని తెచ్చినవాడి పేరు గల్లీ అంతా తెలిసేది. సాయంత్రం టీచర్ నన్ను తిరిగివ్వబోతే వాడు తీసుకోలేదు. ‘‘మళ్లొస్తది కదా ఆదివారం’’ అన్నాడు.

నా వల్ల కాని ఇల్లు ఒకటుంది. గోడ మీద ఎక్స్ ఎండకు వెలిసి, దాని మీదే మళ్లీ ఎక్స్ పడేది. ఆ ఇంటి పెద్దావిడ మనవణ్ని గడప దాటనివ్వలేదు. పిల్లలు ఆ ఇంటి ముందు నిలబడి ఎన్ని కూతలు వేసినా తలుపు ఇంకా గట్టిగా మూసుకునేది. చివరికి టీచర్ నన్ను సంచి అడుగున పెట్టి, ఒక్కతే పోయి గడప మీద కూర్చుంది. పెద్దావిడ కోపమంతా ఒక్క మాటలో వచ్చింది: ‘‘బచ్చే కో బుఖార్ ఆయా తో కోయీ నై ఆతా.’’ బిడ్డకు జ్వరమొస్తే రాని మనుషులు, నాలా పొంగితే రాని మనుషులు, ఈ రెండు చుక్కలకు మాత్రం మాటిమాటికీ ఎందుకొస్తున్నారని ఆమె అనుమానం. అందులో ఏదో ఉందని భయం. నాకైతే ఆ ప్రశ్న న్యాయంగానే వినబడింది. టీచర్ జవాబు చెప్పలేదు. మనవడికి నిజంగానే జ్వరముంటే మర్నాడు తానే దవాఖానకు తీసుకుపోయి చూపించింది. తర్వాత విడతలో పెద్దావిడే వాణ్ని తెచ్చింది. కూత వేయమని ఎవరూ అడగలేదు, ఆమె వేయలేదు. బద్ధకాన్ని నేను లేపగలను. భయాన్ని లేపబోతే అది ఇంకా ముడుచుకుంటుంది. అక్కడ మనిషి పోయి కూర్చోవాలి.

కొన్నేళ్ల తర్వాత ఒక శిక్షణలో డాక్టర్ చెప్పిన ఉదయ్‌పూర్ సంగతి టీచర్ ఏఎన్ఎంకు వివరిస్తుంటే సంచిలోంచి విన్నాను. రాజస్థాన్‌లో సేవా మందిర్ అనే సంస్థతో కలిసి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరికొందరు 134 పల్లెల్లో ఒక పరీక్ష చేశారు. 2010లో ఫలితాలు అచ్చయ్యాయి. ఏమీ చేయని పల్లెల్లో చిన్నపిల్లలకు టీకాలన్నీ పూర్తయింది నూటికి 6 మందికే. నెలనెలా తప్పకుండా శిబిరం పెట్టిన చోట 18. శిబిరంతో పాటు వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు, టీకాలన్నీ పూర్తయితే స్టీలు కంచాలు ఇచ్చిన చోట 39. కిలో పప్పు కోసం ఎవరూ తమ నమ్మకాన్ని అమ్ముకోరు. రేపు పోదామనుకునే తల్లికి ఇవాళే పోవడానికి ఒక వంక దొరుకుతుంది. ఆ మాట విని టీచర్ నన్ను సంచిలోంచి తీసి చూసుకుంది. ఆ పప్పుకు నేను చిన్న చెల్లెలిని. అయితే శిబిరం వేళకు తెరుచుకోకపోతే పప్పుతో పనేముంది? బల్ల మీద మందు లేకుండా నేను ఎంత కూసి ఏం లాభం?

2009లో దేశంలో 741 మంది పిల్లలకు పోలియో సోకింది, 2010లో 42 మందికి. 2011 జనవరి 13న హౌరాలో ఒక పాపకు సోకింది. ఆ తర్వాత సహజ పోలియో వైరస్‌తో దేశంలో ఎవరికీ జబ్బు రాలేదు. 2014 మార్చి 27న మన దేశం పోలియో లేనిదని ప్రకటించారు. ఆ రోజు టీచర్ నన్ను తానే ఊదింది, మూడు కూతలు, ఖాళీ అంగన్‌వాడీ గదిలో.

నా పని అయిపోయిందనుకున్నాను. 2016 జూన్‌లో మా అంబర్‌పేట నాలా నీళ్లలోనే, టీకా మందు నుంచి రూపు మారిన రెండో రకం వైరస్ దొరికింది. ఏ బిడ్డకూ జబ్బు రాలేదు, నీళ్లలో మాత్రం ఉంది. ఆ ఏప్రిల్‌లోనే దేశమంతా చుక్కల మందులోంచి రెండో రకాన్ని తీసేశారు, అందుకని ఈసారి చుక్కలు పనికిరావు. హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ఆరు వారాల నుంచి మూడేళ్ల వయసు పిల్లలకు, మూడు లక్షల పైచిలుకు మందికి, చేతి చర్మంలోకి మామూలు డోసులో ఐదో వంతు సూదిమందు. చుక్కలకైతే నోరు తెరిపిస్తే చాలు. సూది చూసిన పిల్లాడు ఊరుకుంటాడా?

ఒక పదిహేడేళ్ల కుర్రాడు, మీసం ఇప్పుడిప్పుడే నల్లబడుతున్నవాడు, అక్క కొడుకును భుజాన వేసుకుని వరసలో నిలబడ్డాడు. పళ్లన్నీ ఉన్నాయి. టీచర్ పోల్చుకుని నన్ను తీసి వాడి చేతిలో పెట్టింది. ఏఎన్ఎం సూది దగ్గరికి తేగానే వాడు ఊదాడు. గింజ గిర్రున తిరిగింది. పసివాడు సూదిని మరిచి నా వైపు కళ్లు పెద్దవి చేసుకుని చూశాడు. వాడికి నొప్పి తెలిసి పెదవి విరిచేసరికి సూది బయటికి వచ్చేసింది.

పసివాడు నా కోసం చేయి చాపాడు. ‘‘ఉహూఁ, గింజ ఉన్నది’’ అంటూ టీచర్ నన్ను వెనక్కి లాక్కుంది. కుర్రాడు అక్కడే నిలబడ్డాడు, పదేళ్ల కింద నిలబడినట్టే.

‘‘టీచర్, తీస్కొచ్చింది నేను.’’

ఆమె ఒక్క క్షణం ఆగి, ఎర్ర తాడు విప్పి, తల వంచమని సైగ చేసింది.